దారుల చరిత్ర – 7: ఊరికి ఊరు దూరమైన రోజులు

రైలు విజయనగరం చేరిన కథ దగ్గర గత భాగం ఆపాం. 1890ల నడిమిలో మద్రాసు, కలకత్తాలను కలిపే లైను ఊరి పక్కగా వచ్చింది. 1931లో రాయపూర్ లైను పూర్తయ్యాక ఇది పెద్ద జంక్షన్ అయింది. మరో రెండేళ్ళకు విశాఖ రేవు తెరుచుకుని, కొండల అవతలి సరుకు ఈ ఊరి మీదుగా సముద్రానికి దిగడం మొదలైంది. రైలు వల్ల ఊరు పెరిగింది గానీ చెదిరిపోలేదు. స్టేషన్లో దిగినవాళ్ళు దగ్గర్లోని వనంగుడిలో పైడితల్లికి దణ్ణం పెట్టుకుని, జట్కా ఎక్కో, మూట నెత్తిన పెట్టుకుని నడిచో ఊళ్ళోకి వచ్చేవారు.

ఆ నడక ఎప్పుడు, ఎవరి నిర్ణయాలతో ఆగిపోయిందన్నది ఈ భాగం కథ.

విజయనగరం మనిషి కాళ్ళకు సరిపడా కట్టుకున్న ఊరు. 1713లో, విజయ నామ సంవత్సరం విజయదశమి నాడు కోటకు శంకుస్థాపన జరిగిందని ఊరంతా నేటికీ చెప్పుకుంటుంది. కోట దగ్గరే బొంకులదిబ్బ. గురజాడ ‘కన్యాశుల్కం’లో గిరీశం మొదట కనబడేది ఆ దిబ్బ మీదే. ఆ నాటకం 1892లో తొలిసారి ఆడింది కూడా ఈ ఊళ్ళోనే. గురజాడ ఇల్లు, ఆయన కొలువు చేసిన కోట, ఆయన చదువుకుని తర్వాత పాఠాలు చెప్పిన మహారాజా కళాశాల, ఆయన పాత్ర నిలబడి మాట్లాడిన దిబ్బ, అన్నీ ఒక పొద్దుటిపూట నడిచి చుట్టి రాగలిగినంత దగ్గర. 1901 జనాభా లెక్కల్లో ఊరి జనం 37 వేల పైచిలుకు. అంత జనం ఉన్నా ఎవరి అవసరానికీ చక్రం తప్పనిసరి కాలేదు.

1885లో కట్టిన గంటస్తంభాన్నే చూడండి. ఎనిమిది పలకల కట్టడం, 68 అడుగుల ఎత్తు. ఇంట్లో గడియారం కొనుక్కోలేని ఊరు మొత్తానికి అదొక్కటే గడియారం. దాని ముల్లు కనబడాలన్నా, దాని గంట వినబడాలన్నా ఊరు దాని చుట్టూ ఒదిగి ఉండాలి. ఉండేది కూడా. సంతకొచ్చిన రైతు, కాలేజీ కుర్రాడు, కోర్టు పనిమీద వచ్చిన గుమాస్తా దాని నీడలోంచి దాటాల్సిందే.

ఆ ఊరు ఎంత దగ్గరగా ఉండేదో చెప్పడానికి ఒక పాటగాడి కథ చాలు. 1919లో ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాల్‌గా సంగీత కళాశాల తెరుచుకుంది. కొన్నేళ్ళ తర్వాత పాట నేర్చుకుందామని అక్కడికి వచ్చిన కుర్రాళ్ళలో ఘంటసాల వెంకటేశ్వరరావు ఒకరు. చేతిలో డబ్బు లేదు. గురువు పట్రాయని సీతారామశాస్త్రి మాట మీద జోలె కట్టుకుని, మధూకరం ఎత్తుకుని తిన్నారు. అన్నం పెట్టిన తల్లుల దయ గురించి చాలామంది రాశారు. ఆ దయ కుర్రాడి దాకా చేరిన దారి గురించి కూడా చెప్పుకోవాలి. ఇళ్ళు ఒకదాన్నొకటి ఆనుకుని ఉండాలి. అరుగు వీధిలోకి ఉండాలి. వీధి గుమ్మంలో నిలబడి పిలిస్తే వంటింట్లోకి వినబడాలి. నాలుగు గుమ్మాలు తిరిగి, తిని, పాఠం వేళకు కాలేజీకి చేరగలగాలి. ఇవన్నీ ఉన్నాయి కాబట్టే పస్తుల మధ్య కూడా ఒక గొంతు నిలబడింది. ప్రహరీ గోడ, ఇనుప గేటు, గేటు దగ్గర వాచ్‌మన్ ఉన్న నేటి వెంచర్‌లో ఆ జోలె ఏ గుమ్మం దాకా వెళ్ళగలదు?

ఊరికి దూరంగా బతకడం అనే ఆలోచన మాత్రం లేకపోలేదు. దాన్ని తెచ్చింది తెల్లదొరల పటాలం. కోటకు మైలు దూరంలో, పెద్దచెరువు అవతల ఏటవాలు నేల మీద కంటోన్మెంట్ వెలిసింది. వెడల్పాటి రోడ్లు, చుట్టూ తోట, తోట మధ్య బంగళా, వాకిట్లో గుర్రబ్బండి. నల్లవాళ్ళ వీధులకు, సిపాయిల దొరలకు నడుమ ఒక చెరువంత ఎడం ఉండాలన్నదే దాని లెక్క. పటాలం వెళ్ళిపోయింది. హోదా ఉన్నవాళ్ళు ఊరికి ఎడంగా ఉంటారన్న భావన ఉండిపోయింది. మన శివారు కాలనీలకు తాత అమెరికాలోనే ఉన్నాడనుకుంటాం. విజయనగరం వరకు ఆ తాత పెద్దచెరువు అవతలి గట్టునే పుట్టాడు.

ఈ భావనతో అప్పుడే తగువు పెట్టుకున్న మనిషి కూడా ఉన్నాడు. 1915 ప్రాంతంలో ప్యాట్రిక్ గెడ్డెస్ అనే స్కాట్లండ్ పండితుడు మద్రాసు వచ్చి, ప్రెసిడెన్సీలోని అనేక ఊళ్ళు తిరిగి నివేదికలు రాశాడు. పాత సందులు పడగొట్టి తిన్నగా రోడ్లు లాగే ఇంజనీర్లతో ఆయనకు పడేది కాదు. ముందు ఊరంతా కాలినడకన తిరగమనేవాడు. తప్పనిసరైన చోటే కత్తి పెట్టమనేవాడు. 1920లో మద్రాసు పట్టణ ప్రణాళికా చట్టం వచ్చింది. రోడ్ల వెడల్పులు, హద్దులు, అనుమతులు చట్టానికెక్కాయి. ఊరంతా తిరిగి చూసే ఓపిక చట్టానికెక్కలేదు.

తర్వాత యాభై ఏళ్ళకు పైగా ఊరు నెమ్మదిగానే కదిలింది. జట్కాలు పోయి రిక్షాలు వచ్చాయి, సైకిళ్ళు వచ్చాయి. సైకిలు దూరాన్ని తగ్గించింది గానీ ఊరి నుంచి స్థలాన్ని దోచుకోలేదు.

అసలు మలుపు ఏడాది వ్యవధిలో తీసుకున్న రెండు ప్రభుత్వ నిర్ణయాలతో వచ్చింది. 1978లో విశాఖపట్నం పట్టణాభివృద్ధి సంస్థ, అందరి నోటా ‘వుడా’, ఏర్పడింది. విజయనగరం దాని పరిధిలోకి వెళ్ళింది. 1979 జూన్ 1న విశాఖ, శ్రీకాకుళం జిల్లాల్లోంచి కొన్ని ప్రాంతాలు విడదీసి విజయనగరం జిల్లా చేశారు. అంటే జిల్లాకు రాజధాని హోదా ఇక్కడికి వచ్చింది, ఊరు ఎటు పెరగాలో గీసే పెన్సిలు మాత్రం విశాఖ సిరిపురంలోని ఆఫీసులో ఉండిపోయింది. రెండు ఊళ్ళ మధ్య పాత పోటీ తెలిసినవాళ్ళకు ఇది చిన్న విషయం కాదు. ఒకప్పుడు విశాఖ రేవు పల్లెగా ఉన్నరోజుల్లో పూసపాటివారి రాజధాని ఇది. ఇప్పుడు విశాఖకు ఉత్తరాన ఉన్న ఖాళీ నేలగా దీన్ని చూసే రోజులు వచ్చాయి. 2018లో వుడా వి.ఎం.ఆర్.డి.ఎ. అయింది. పరిధి 7 వేల చదరపు కిలోమీటర్లు దాటింది. 2021లో వచ్చిన 2041 మాస్టర్ ప్లాన్ ముసాయిదా కూడా విశాఖ నుంచే వచ్చింది.

కొత్త జిల్లాతో ఆఫీసులు, ఉద్యోగులు, బదిలీలు వచ్చాయి. అద్దె ఇళ్ళు చాల్లేదు. పాత ఇళ్ళేమో అన్నదమ్ముల పంపకాల్లో ముక్కలయ్యాయి. ఒక గది ఒకరిది, వసారా ఇంకొకరిది, నుయ్యి ఉమ్మడి. మరుగుదొడ్డికి జాగా లేదు, పిల్లలు చదువుకోవడానికి మూల లేదు. అలాంటి ఇంట్లో పెరిగిన టీచరు, గుమాస్తా, బ్యాంకు ఉద్యోగి ఊరి బయట రెండొందల గజాల స్థలం కొనుక్కుని, నాలుగు కొబ్బరి మొక్కలు వేసుకోవాలనుకోవడంలో తప్పేముంది? ఈ కథలో వాళ్ళను దోషులుగా నిలబెట్టడం అన్యాయం. వాళ్ళకు ఊళ్ళోనే గాలి, వెలుతురు ఉన్న ఇల్లు అందే మార్గం ఎవరూ వేయలేదు.

బయటికి వెళ్ళే మార్గం మాత్రం చక్కగా వేశారు. 1972లో లూనా వచ్చింది. 1983 డిసెంబరులో మారుతి 800, మరో రెండేళ్ళకు హీరో హోండా వచ్చాయి. 1991 తర్వాత అప్పులు సులువయ్యాయి. అక్కడి నుంచి లేఅవుట్ల కాలం. దాని తీరు ఉత్తరాంధ్రలో అందరికీ తెలిసిందే. ఆరుతడి పంటలు పండే పొలం ఒకరోజు చదునవుతుంది. గులాబీ రంగు తోరణం లేస్తుంది. ఎర్రమట్టి రోడ్ల వెంట హద్దు రాళ్ళు పాతి, వాటి మీద నంబర్లు రాస్తారు. కార్నర్ బిట్‌కి ఒక రేటు, తూర్పు ముఖానికి ఒక రేటు. ఆదివారం పూట కారులో తీసుకెళ్ళి, చూపించి, భోజనం పెట్టి పంపుతారు. రోడ్డు నుంచి ఎంత దూరమంటే నిమిషాల్లో చెబుతారు. ఆ నిమిషాలు కారు నిమిషాలు.

కొన్నవాళ్ళలో చాలామంది అక్కడ ఇల్లు కట్టరు. కూతురి పెళ్ళికో, కొడుకు చదువుకో దాచుకున్న బంగారం లాంటిది ఆ స్థలం. ఆ రాళ్ళ మధ్య కంప మొలుస్తుంది. దాని అవతల ఇంకో లేఅవుట్ పడుతుంది, ఎందుకంటే అక్కడ గజం ఇంకా చవక. మధ్యలోని ఖాళీ అలాగే ఉంటుంది. నిజంగా ఇల్లు కట్టుకుని ఉందామనుకున్నవాడు ఆ ఖాళీలన్నీ దాటి అవతలకు వెళ్ళాలి. ఊరు పెరిగినందువల్ల వచ్చిన దూరం కొంతే. ఎవరూ ఉండని నేల అడ్డంపడి పెంచిన దూరం ఎక్కువ. కాలువ, కరెంటు తీగ, చెత్త బండి ఆ ఖాళీ నేలంతా దాటుకుని వెళ్ళాలి. ఆ ఖర్చు ఊరందరి పన్నులోంచి పోతుంది.

లేఅవుట్ లోపలి రోడ్డు ఎన్ని అడుగులుండాలో, ఎంత ఖాళీ స్థలం వదలాలో నిబంధనలు కచ్చితంగా చెబుతాయి. అక్కడి నుంచి ఒక ముసలావిడ ఆసుపత్రికి ఎలా వెళ్తుందన్నది వేరే శాఖ లెక్క. స్థలానికి అనుమతి ఒకరిది, రోడ్డు ఇంకొకరిది, బస్సు ఆర్టీసీది. ఆర్టీసీ ఏమో జనం ఉన్నచోటికే బస్సు వేస్తానంటుంది. జనం ఏమో బస్సు లేదని బండి కొంటారు. బండ్లున్నాయి కదా అని ఆర్టీసీ ఊరుకుంటుంది. ఇక అనుమతి లేకుండా వేసిన లేఅవుట్ల సంగతి సరేసరి. వాటిని జరిమానా కట్టించుకుని క్రమబద్ధీకరించడానికి 2007 చివర్లో ఒకసారి, 2020లో మరోసారి ప్రభుత్వాలే పథకాలు పెట్టాయి. తప్పు చేసినా కొన్నేళ్ళకు రశీదు దొరుకుతుందన్న ధీమా వ్యాపారులకు అక్కడే కుదిరింది.

జాతీయ రహదారి కథ ఇంకోటి. చెన్నై–కలకత్తా రోడ్డు విజయనగరం ఊళ్ళోంచి ఎన్నడూ వెళ్ళలేదు. ఆనందపురం, తగరపువలస, భోగాపురం, నాతవలస మీదుగా శ్రీకాకుళం వైపు వెళ్తుంది. విజయనగరం రావాలంటే నాతవలసలో రాయపూర్ రోడ్డు మీదికి తిరగాలి. 1999లో మొదలైన స్వర్ణ చతుర్భుజి పనులతో పెద్ద రోడ్డు నాలుగు వరసలైంది. అంతే, డబ్బు చూపు రోడ్డు వైపు తిరిగింది. పాతికమైళ్ళ పొడుగునా వెంచర్లు, కాలేజీలు, ధాబాలు. ఇటు కొత్తవలస వైపేమో విశాఖ తన రద్దీని మోయలేక దొర్లించిన కాలనీలు. రోడ్డు రాకపోతే ఊరు వెనకబడుతుందని భయపడ్డ పెద్దలు, రోడ్డే ఊరిని తనవైపు లాక్కుంటుందని ఊహించలేదు.

ఊళ్ళోని సంస్థలూ ఆ దారే పట్టాయి. 1879 నాటి మహారాజా కళాశాల, 1919 నాటి సంగీత కళాశాల ఊరి నడిబొడ్డున కట్టినవి. 2007లో వచ్చిన ఇంజనీరింగ్ కాలేజీ ద్వారపూడిలో, 2023లో తెరిచిన ప్రభుత్వ వైద్య కళాశాల గాజులరేగలో. చదువు రావడం సంతోషమే. కానీ కాలేజీ కుర్రాళ్ళు సాయంత్రం పుస్తకాల కొట్టుకో, కచేరీకో నడిచిపోయే రోజులు ఆ ఎంపికతోనే పోయాయి.

అమెరికా ఈ దారిలో మనకన్నా ముందు నడిచింది. ఒహాయోలోని యూక్లిడ్ అనే ఊరి కేసులో 1926లో అక్కడి సుప్రీంకోర్టు, ఇళ్ళ చోటు వేరు, కొట్ల చోటు వేరు అని గీత గీసే హక్కు ఊళ్ళకు ఉందని తేల్చింది. 1947లో న్యూయార్క్ శివార్లలో లెవిట్‌టౌన్ మొదలై, ఒకే అచ్చులో పోసినట్టున్న ఇళ్ళు వేలకొద్దీ లేచాయి. 1956 చట్టంతో 41 వేల మైళ్ళ హైవేలకు కేంద్రమే డబ్బిచ్చింది. పాలు కొనాలన్నా కారు తీయాల్సిన బతుకు అలా తయారైంది. ఇది మనవాళ్ళకు పుస్తకాల్లో చదివిన సంగతి కాదు. డాలస్ పక్కన ఫ్రిస్కోలోనో, ఇర్వింగ్‌లోనో ఉన్న పిల్లల దగ్గరికి ఆరు నెలలకని వెళ్ళొచ్చిన అమ్మానాన్నలను అడగండి. ఇల్లు బాగుంది, మనవడు బాగున్నాడు, కానీ పొద్దున్న ఎనిమిదికి కారు వెళ్ళిపోయాక సాయంత్రం దాకా కాలు బయట పెట్టడానికి చోటు లేదంటారు. అదే తల్లి దాసన్నపేటలో కొత్తిమీర కట్ట కోసం రోజుకు మూడుసార్లు వీధిలోకి వెళ్ళేది.

శివారు అంటే ఉన్నవాళ్ళ సరదా అనుకునే వీలు కూడా ఇప్పుడు లేదు. 2020 డిసెంబరు 30న విజయనగరం దగ్గరి గుంకలాంలో అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి ఇళ్ళ పట్టాలు పంచారు. 397 ఎకరాలు, 12,301 స్థలాలు. తరతరాలుగా అద్దె కొంపల్లో, కాలువ గట్ల మీద బతికిన కుటుంబాలకు ఆడవాళ్ళ పేరున పట్టా రావడం మామూలు విషయం కాదు. ఆ కాగితాన్ని కళ్ళకద్దుకున్న చేతుల్ని తేలిక చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. అయితే ఆ చేతులు చేసే పని ఎక్కడుంది? బాలాజీనగర్ ఇళ్ళల్లో అంట్లు తోమడం, గంటస్తంభం దగ్గర కూరగాయలు అమ్మడం, బట్టల కొట్లో నిలబడటం, మార్కెట్లో మూటలు మోయడం. పని ఊళ్ళో ఉండిపోయింది, పడక పొలాల మధ్యకి వెళ్ళింది.

ఒక్కొక్కరికి దక్కింది సెంటు స్థలం. సెంటు అంటే 48.4 గజాలు. ఒక మూల నుంచి ఇంకో మూలకు పన్నెండు అంగలు. ఇంట్లో పన్నెండు అంగలకు, బయట కిలోమీటర్లకు మధ్య ఆ ఆడమనిషి రోజు గడవాలి. ఆరింటికల్లా అంట్ల దగ్గరుండాలంటే చీకటితో లేవాలి. సర్వీసు ఆటో నిండితే గాని కదలదు. నిండేదాకా ఆగితే అమ్మగారు కసురుతుంది, నిండిందంటే డ్రైవరు పక్కన ఒంటి తొడ మీద కూర్చోవాలి. మధ్యాహ్నం ఇంటికి వచ్చి చంటిదానికి అన్నం పెట్టి మళ్ళీ వెళ్ళడం నడక దూరంలో ఉన్నప్పుడు కుదిరింది. ఇప్పుడు అది నాలుగు ఆటో చార్జీలు. స్థలం ఉచితమే, దూరానికి మాత్రం జీవితాంతం వాయిదాలు కట్టాలి. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకు ఆర్టీసీ ప్రయాణం ఉచితమైంది. అది పెద్ద ఊరట, బస్సు ఆగే రోడ్డు దాకా చేరగలిగినవాళ్ళకు.

చౌక నేల కోసం బయటికి వెళ్ళడం ఏ ఒక్క పార్టీ అలవాటూ కాదు. ఊరి మధ్య ప్రభుత్వ స్థలం విలువ కోట్లలో ఉంటుంది, దాన్ని పేదవాడికి ఇవ్వడానికి ఏ ఖజానాకూ మనసొప్పదు. ఆ కోట్లను ఖజానా పుస్తకంలో రాస్తారు. ఆటో చార్జీని ఏ పుస్తకంలోనూ రాయరు.

ఇలా బయటికి వెళ్ళిన జనమంతా ఏదో ఒక పనిమీద రోజూ ఊళ్ళోకి తిరిగి రావాలి, బండ్ల మీద. 2011 లెక్కల ప్రకారం 2 లక్షల 28 వేల జనం ఉన్న ఊరి వీధులు గుర్రబ్బండ్ల నాటివి. సాయంత్రం ఆరింటప్పుడు గంటస్తంభం దగ్గర నిలబడితే చాలు. మోటార్ సైకిళ్ళ మధ్య ఆటో, ఆటో మధ్య తోపుడు బండి, అన్నిటి వెనక దిగలేక, కదలలేక ఒక కారు. కాలిబాట మీద బండ్లు పెట్టేస్తే నడిచేవాళ్ళు రోడ్డు మీదికి దిగుతారు, దిగినందుకు హారన్ తింటారు. 2020 మేలో జంక్షన్ అభివృద్ధి పనుల పేరిట మూడు లాంతర్ల పాత కట్టడాన్ని కూల్చినప్పుడు ఊళ్ళో పెద్ద గొడవే అయింది. ఒక దీపస్తంభం కోసం అంత బాధ దేనికని బయటివాళ్ళు అనుకున్నారేమో. తరాల తరబడి అక్కడ కలుద్దామని చెప్పుకున్న చోటు అది.

ఏడాదికొక్క రోజు మాత్రం ఈ ఊరు మళ్ళీ తన కాళ్ళ మీద నిలబడుతుంది. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లి సిరిమానోత్సవం. మూడు లాంతర్ల దగ్గరి చదురుగుడి నుంచి కోట దాకా, కోట నుంచి గుడి దాకా, మూడుసార్లు. ముందు పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల. వాటి వెనక ఆకాశంలోకి లేచిన చింతమాను కొసన అమ్మవారి రూపంగా పూజారి. ఆ రోజు ఆ దారిలో ఒక్క బండీ ఉండదు. గుంకలాం నుంచి వచ్చినవాళ్ళు, ఫ్రిస్కో నుంచి సెలవు పెట్టుకుని వచ్చినవాళ్ళు, సాలూరు కొండల నుంచి దిగినవాళ్ళు భుజం భుజం రాసుకుని నిలబడతారు. సిరిమాను వెళ్ళే వేగం మనిషి నడిచే వేగమే. లక్షల మందిని ఆ వీధులు ఎలా ఇముడ్చుకుంటాయో చూసినవాళ్ళకు, మిగతా రోజుల్లో కొన్ని వేల బండ్లకే అవి ఎందుకు చాలడం లేదో వేరే చెప్పక్కర్లేదు.

తెల్లారి బుధవారం ఉదయం హారన్లు మళ్ళీ మొదలవుతాయి.

వచ్చే భాగంలో ఊరు దాటి భోగాపురం వెళ్దాం. 2015లో 15 వేల ఎకరాలన్న మాటతో మొదలై, రైతుల ఆందోళనతో తగ్గుతూ తగ్గుతూ 2,200 ఎకరాల పైచిలుకు దగ్గర ఆగిన విమానాశ్రయం కథ అది. 2019 ఫిబ్రవరిలో ఒక ముఖ్యమంత్రి, 2023 మేలో మరో ముఖ్యమంత్రి అదే నేలకు శంకుస్థాపన చేశారు. కొబ్బరి, సరుగుడు, జీడి తోటలున్న ఆ తీరంలో భూమి ధర రాత్రికి రాత్రి ఎలా మారిందో, రాయపూర్ నుంచి దిగుతున్న ఆరు వరసల కొత్త రోడ్డు సాలూరు వైపు పల్లెల్ని ఎలా చీల్చుకుని వస్తోందో, ఖాళీ చేసి వెళ్ళినవాళ్ళు ఇప్పుడు ఏ లేఅవుట్ల పక్కన ఉంటున్నారో చూద్దాం.